లింకు పంపితే వినిపించినట్టు కాదు

పోయిన ఆదివారం పొద్దున మా వాట్సాప్ గుంపులో ఒక మిత్రుడు లింకు పెట్టాడు. మైల్స్ డేవిస్ ‘కైండ్ ఆఫ్ బ్లూ’. కింద ఒకే ఒక్క మాట: ‘మాస్టర్‌పీస్’. అరగంటలో పదకొండు మంది బొటనవేలు చూపించారు, ఇద్దరు నిప్పు బొమ్మ పెట్టారు. ఆ ఆల్బం నిడివి 45 నిమిషాల పైన. అరగంటలో ఎలా మెచ్చుకున్నారో నాకు లెక్క తేలలేదు. సరే, అందరూ ముందే విన్నారనుకుందాం. విన్నవాళ్ళు పదమూడు మందిలో ఒక్కరికైనా చెప్పడానికి ఒక వాక్యం లేకపోయిందా?

తెలుగువాళ్ళకి జాజ్ ఎక్కదు అనే మాట చాలాసార్లు విన్నాను. అనేది ఎక్కువగా జాజ్ వినే తెలుగువాళ్ళే. ఆ మాట అనేటప్పుడు వాళ్ళ మొహాల్లో బాధ కంటే తృప్తే ఎక్కువ కనిపిస్తుంది. ఈ వ్యాసం ఆ తృప్తి మీద కోపంతో రాస్తున్నది. నేనూ ఆ బాపతువాణ్ణే కాబట్టి అందులో నా వాటా కూడా తీసుకుంటాను.

నాది తనకల్లు. ఇప్పుడు శ్రీ సత్యసాయి జిల్లా అంటున్నారు గానీ నేను పుట్టినప్పుడు, చదివినప్పుడు అనంతపురం జిల్లానే. మా వైపు ఇంజనీరింగ్ అయినవాడు బెంగళూరు బస్సెక్కుతాడు. నేనూ ఎక్కాను. హాస్టల్లో ఒక సీనియర్ హార్డ్ డిస్క్ నుంచి కాపీ చేసుకున్న ‘జాజ్’ అనే ఫోల్డరు అప్పటికే నా దగ్గరుంది. అందులో ఫైళ్ళ పేర్లు ట్రాక్ 01, ట్రాక్ 02, అంతే. ఎవరు వాయిస్తున్నారో తెలీదు, ఏ సంవత్సరమో తెలీదు. రెండేళ్ళపాటు నేను ఒక సాక్సోఫోన్‌ను మైల్స్ డేవిస్ అనుకుని విన్నాను. మైల్స్ వాయించేది ట్రంపెట్ అని తెలిసిన రోజు నవ్వొచ్చింది, తర్వాత సిగ్గేసింది.

బెంగళూరులో ఉద్యోగంలో కుదురుకున్నాక ఒక శనివారపు గుంపులో చేరాను. ఒక పెద్దాయన ఇంట్లో, నా ఆరు నెలల అద్దె కంటే ఖరీదైన స్పీకర్ల ముందు ఏడెనిమిది మందిమి కూర్చునేవాళ్ళం. కర్నూలు, గుంటూరు, అనంతపురం, ఒకరిద్దరు వరంగల్. పెసరట్లు తినేటప్పుడు అందరం తెలుగే. రికార్డు మీద ముల్లు పడగానే అందరం ఇంగ్లీషే. ఎవరూ నియమం పెట్టలేదు, దానంతటదే జరిగేది. ఆ ఇంగ్లీషులో మాట్లాడేదైనా సంగీతం గురించా అంటే అదీ కాదు. ఇది జపాన్ ప్రెస్సింగా, అమెరికన్‌దా? మోనోనా, స్టీరియోనా? ఎంతకి కొన్నారు? ఒకసారి ఉండబట్టలేక అడిగాను: “సార్, దీంట్లో నేను దేన్ని పట్టుకుని వినాల?” ఆయన చిన్నగా నవ్వి, అడగాల్సి వస్తే అది నీకు ఎక్కదులే అన్నాడు. గుంపంతా నవ్వింది. ఆ తర్వాత రెండేళ్ళు నేను ఏమీ అడగలేదు. కొత్తగా వచ్చినవాడు ఎవడైనా అడిగితే మాత్రం నవ్వేవాణ్ణి.

మా ఊళ్ళో చెనిక్కాయ విత్తనం ఒకరికొకరు ఇచ్చుకుంటారు. కదిరి పరిశోధనా కేంద్రం నుంచి వచ్చిన కె-6 అయినా, ఇంకోటైనా, సంచి భుజాన వేసి పొమ్మనేవాడు ఎవడూ ఉండడు. ఏ చేన్లో పండింది, ఎన్ని వానలకి నిలబడింది, ఎంత లోతున పడాల, అన్నీ చెప్పి ఇస్తారు. విత్తనంతో పాటు మాట కూడా చేతులు మారుతుంది. సంగీతం దగ్గరికి వచ్చేసరికి మాత్రం, చెప్పకుండా ఇవ్వడమే గొప్ప అనే బుద్ధి మనకి ఎక్కడ పట్టుకుందో!

‘కైండ్ ఆఫ్ బ్లూ’నే తీసుకోండి. ఏం చెప్పొచ్చు? 1959 మార్చి 2న, ఏప్రిల్ 22న, న్యూయార్క్‌లో కొలంబియా వాళ్ళ 30వ వీధి స్టూడియోలో, రెండే రోజుల్లో రికార్డయింది. మొదటి పాట ‘సో వాట్’లో బాస్ వాయించే పాల్ చాంబర్స్ ఒక ప్రశ్న అడుగుతాడు, మిగతావాళ్ళు రెండే రెండు దెబ్బల్లో జవాబు చెప్తారు. అడగడం, ఊ కొట్టడం. బుర్రకథ విన్న చెవికి ఇది కొత్త కాదు. రెండో పాటలో పియానో మనిషి మారిపోతాడు. ఆల్బమంతా బిల్ ఎవాన్స్ వాయించినా, ‘ఫ్రెడీ ఫ్రీలోడర్’ ఒక్కదానికి వింటన్ కెల్లీ. ఈ సంగతి తెలిసి వింటే రెండు చేతుల తేడా తెలుస్తుంది, ఒకడి నడక, ఇంకొకడి నిలకడ. తెలీకుండా వింటే ‘పియానో బాగుంది’ దగ్గర ఆగిపోతాం. ఫోన్లో కనిపించే ఆ చిన్న చదరంలో ఈ పేర్లు వెతికితే తప్ప దొరకవు. ఒకప్పుడు అట్ట వెనకాల ఇవన్నీ అచ్చేసేవాళ్ళు. ఈ రికార్డు అట్ట వెనక రాసింది బిల్ ఎవాన్సే. ముందుగా సిద్ధం చేసుకోకుండా వాయించడం అంటే ఏమిటో, ఒక జపాన్ చిత్రకళా పద్ధతితో పోల్చి, ఏమీ తెలియని పాఠకుడికి చెప్పినట్టు చెప్పాడు. ఆ పియానో వాయించినవాడికే లేని భేషజం మన శనివారాల పెద్దమనుషులకి ఎందుకు?

ఇంకో సంగతి. ఆ మొదటి రోజు టేపు మిషను కొంచెం నిదానంగా తిరిగింది. దాంతో రికార్డు మొదటి వైపు మూడు పాటలూ అసలు శ్రుతి కంటే ఒక పిసరు ఎక్కువలో అచ్చయ్యాయి. 1990ల్లో సరిచేసేదాకా ముప్ఫై ఏళ్ళకి పైగా లోకమంతా ఆ తప్పు శ్రుతిలోనే విని మురిసిపోయింది. పక్కన ఇంకో మిషన్ మీద తీసిన టేపు సరైన వేగంతో ఉండబట్టి దాన్నుంచి బాగుచేశారు. ఈ సంగతిని గుర్తుపెట్టుకోండి, మళ్ళీ అవసరం పడుతుంది.

ఇప్పుడు నాకు అన్నిటికన్నా మంట పుట్టించే విషయం చెప్తాను.

తనకల్లు కదిరి–మదనపల్లె రోడ్డు మీద ఉంటుంది. ఆ రోడ్డు పట్టుకుని ఒక వైపు పోతే మదనపల్లె, దాని పక్కన ఋషివ్యాలీ స్కూలు. ఇంకో వైపు పోయి కదిరి దాటి పక్కకి తిరిగితే పుట్టపర్తి. మేనార్డ్ ఫెర్గూసన్ అని కెనడాలో పుట్టిన ట్రంపెట్ వాద్యకారుడు ఉండేవాడు. 1950ల మొదట్లో స్టాన్ కెంటన్ బ్యాండ్‌లో పేరు తెచ్చుకున్నాడు. మామూలు వాళ్ళకి ఊపిరి చాలని పై స్వరాల్లో కాపురం పెట్టినట్టు వాయించేవాడు. 1958 నాటి ‘ఎ మెసేజ్ ఫ్రమ్ న్యూపోర్ట్’ వినండి, ఇత్తడి వాద్యాలు అన్నీ కలిసి తలుపు బద్దలుకొట్టుకుని ఇంట్లోకి వచ్చినట్టుంటుంది. ఆ మనిషి 1960ల చివర్లో పెళ్ళాం పిల్లలతో ఇండియా వచ్చి ఋషివ్యాలీలో పాఠాలు చెప్పాడు. ఆ తర్వాతి కాలంలో పుట్టపర్తికి వచ్చిపోతూ అక్కడి విద్యార్థుల బ్రాస్ బ్యాండ్‌కి నేర్పాడు. ‘రాకీ’ సినిమా పాటని ట్రంపెట్ మీద వాయించి 1977లో అమెరికా అంతా మోగించింది కూడా ఈయనే. మదనపల్లెలో ఏ మాస్టారిని కదిపినా 1919లో టాగూర్ వచ్చి ‘జనగణమన’ని ఇంగ్లీషులోకి మార్చిన కథ చెప్తారు. చెప్పాల్సిందే, గొప్ప కథే. కానీ ఫెర్గూసన్ పేరు నాకు ఆ రోడ్డు మీద ఎవరూ చెప్పలేదు. బెంగళూరు గుంపులో అతని రికార్డులు ఉన్నవాళ్ళు ఇద్దరున్నారు. వాళ్ళూ చెప్పలేదు, ఎందుకంటే నేనెక్కడివాణ్ణో వాళ్ళెప్పుడూ అడగలేదు. ముప్ఫై దాటాక ఒక రాత్రి ఏదో వెతుకుతుంటే నా కంటబడింది. లేచి కూర్చున్నాను.

ఆలిస్ కోల్ట్రేన్ కథ ఇంతకన్నా దగ్గర. 1937లో డెట్రాయిట్‌లో పుట్టిన పియానో మనిషి. తర్వాత హార్ప్ వాయించింది. జాన్ కోల్ట్రేన్ భార్య, 1966లో అతని బృందంలో చేరింది. 1967లో ఆయన పోయాక నలుగురు పిల్లలతో మిగిలింది. 1970 నవంబర్‌లో తమ ఇంటి స్టూడియోలో ‘జర్నీ ఇన్ సచ్చిదానంద’ రికార్డు చేసింది. తంబురా మోగుతుంటే సెసిల్ మెక్‌బీ బాస్ మీద ఒకే చిన్న ముక్కని వదలకుండా తిప్పుతాడు, దాని మీద హార్ప్ తీగలు నీళ్ళు పోసినట్టు జారతాయి, ఫరో సాండర్స్ సాక్సోఫోన్ ఎక్కడో దూరం నుంచి వచ్చి కలుస్తుంది. ఆ తర్వాత ఆమె సత్యసాయి భక్తురాలైంది. లాస్ ఏంజిలిస్ దగ్గర కొండల్లో ఆమె నడిపిన ఆశ్రమం పేరు ‘సాయి అనంతం’. అనంతపురంవాడికి ఆ పేరు చూస్తే ఏమవుతుందో మీరే ఊహించుకోండి. 1982లో ‘తురియా సింగ్స్’ అని, సంస్కృత భజనలు తనే పాడి, ఆర్గన్ వాయించి, ఒక క్యాసెట్ తెచ్చింది. క్యాసెట్ మాత్రమే, అదీ ఆశ్రమం వాళ్ళ కోసం. చేతులు మారుతూ, కాపీ మీద కాపీ అవుతూ అది తిరిగింది. ఇలాంటి క్యాసెట్ల నుంచి ఏరి ఒక సంకలనం 2017లో బయటికొచ్చేదాకా చాలామంది జాజ్ పండితులకి ఆ పాటలు తెలియవు. ఆమె 2007లోనే వెళ్ళిపోయింది. ఆశ్రమం 2018 కార్చిచ్చులో కాలిపోయింది. మిగిలింది ఆ క్యాసెట్లు దాచుకుని, ఒకరికొకరు ఇచ్చుకున్నవాళ్ళ వల్లే.

భక్తి మీద నా అభిప్రాయం ఇక్కడ ఎవరికీ అక్కర్లేదు. నేననేది ఇంతే: మన భజన అంతదూరం పోయి, జాజ్‌తో కలిసి, ఇంకో రూపంలో తిరిగొచ్చింది. మనకి మాత్రం ఆ వార్త అందలేదు. అందించాల్సినవాళ్ళు ప్రెస్సింగుల గురించి మాట్లాడుకుంటున్నారు.

2020 లాక్‌డౌన్‌లో లాప్‌టాప్ పట్టుకుని ఊరికి చేరాను. వెంట ఒక చిన్న బ్లూటూత్ స్పీకరు. సాయంత్రాలు అరుగు మీద పెట్టుకుని వినేవాణ్ణి. మా అమ్మకి వరుసకి తమ్ముడొకాయన, నాకు మామ, రోజూ వచ్చి కూర్చునేవాడు. ఆయన నాటకాల హార్మోనిస్టు. చుట్టుపక్కల ఊళ్ళల్లో కురుక్షేత్రం పడితే పెట్టె ఆయనదే. తిరుపతి వెంకట కవుల పద్యాలు ఎవరు ఏ రాగంలో ఎత్తుకుంటారో, ఎక్కడ ఊపిరి తీస్తారో ఆయనకి తెలుసు. పద్యం చదివి ఊరుకుంటే మా వైపు జనం ఒప్పుకోరు. పద్యం అయిపోయాక రాగం తీయాల. అది బాగా సాగితే ఈలలు, వన్స్ మోర్లు. రెండోసారి తీసింది మొదటిసారిలా ఉంటే మళ్ళీ ఒప్పుకోరు. ఇది జాజ్‌కి ఎంత దగ్గరో నాకు అప్పటిదాకా తట్టనే లేదు.

ఒక సాయంత్రం ‘మై ఫేవరెట్ థింగ్స్’ పెట్టాను. 1960 అక్టోబర్‌లో జాన్ కోల్ట్రేన్ సొప్రానో సాక్సోఫోన్ మీద వాయించింది. అసలుది బ్రాడ్‌వే సంగీత నాటకంలో పాట. దాన్ని ఆయన పదమూడు నిమిషాలకి పైగా సాగదీశాడు. నేను చెప్పింది మూడే మాటలు: “మామా, ఇది నాటకంలో పాట. మెట్టు చిన్నది. ఈయన దాన్ని ఎంతదూరం తీసుకపోతాడో చూడు.” మామ తల వంచుకుని విన్నాడు. వేళ్ళు మోకాలి మీద మూడేసి దెబ్బలు వేస్తున్నాయి. ఐదారు నిమిషాలకి తలెత్తాడు.

“పద్యం అయిపాయ గదబ్బీ. ఇంగ రాగం ఇడ్సడంలే ఈయప్ప.”

ఇంకాసేపటికి: “ఆ పెట్టె వాయించేటోడు ఉండాడు సూడు, వాడు కదలడంలే. ఆ రెండు మెట్ల మిందనే కూచ్చోనుండాడు. వాడు కదిల్తే ఈయప్ప కింద పడతాడు.”

పెట్టె అన్నది పియానోని. వాయించింది మెకాయ్ టైనర్. ఈ పాట గురించి ఇంగ్లీషులో నేను చదివిన విశ్లేషణలన్నీ చివరికి చెప్పేది అదే. టైనర్ రెండు కార్డుల మధ్యే ఊగుతూ కింద నేల పరిస్తే, కోల్ట్రేన్ దాని మీద తిరుగుతాడు. శనివారపు గుంపులో ఏళ్ళ తరబడి కూర్చుని నేను ఒక్కసారి కూడా పియానోని పట్టించుకోలేదు. మామ ఆరు నిమిషాల్లో పట్టుకున్నాడు, ఎందుకంటే ఆయన జీవితమంతా చేసిన పని అదే: ఇంకొకడు ఎగరడానికి కింద నేలగా ఉండటం.

దీన్ని పల్లెటూరి జ్ఞాని కథగా చదవకండి, నాకు ఆ జాతి కథలంటే చిరాకు. మామకి నచ్చనివి చాలా ఉన్నాయి. బిల్ ఎవాన్స్ ‘వాల్ట్జ్ ఫర్ డెబ్బీ’కి నిద్రపోయాడు. కోల్ట్రేన్‌దే ‘అసెన్షన్’ పెడితే “ఇది పాట గాదు, కొట్లాట, ఆపు సామీ” అన్నాడు. ఆపేశాను. ఆయన తప్పు అని నేననుకుంటున్నాను, ఇప్పటికీ. కానీ మా ఇద్దరికీ తగువు పడటానికి ఒక భాష ఉంది. అది చాలు. అమ్మ కూడా ఒకరోజు ఆలిస్ కోల్ట్రేన్ భజన విని, చేట పక్కనపెట్టి, “ఈయమ్మ మన భజనే పాడ్తాంది గానీ చర్చిలో కూచ్చోని పాడినట్టుంది” అంది. ఆలిస్ చిన్నప్పుడు డెట్రాయిట్ చర్చిల్లో వాయిస్తూ పెరిగిందని అమ్మకి ఎవరు చెప్పారు?

తర్వాత ‘ఎ లవ్ సుప్రీమ్’ వినిపించాను. 1964 డిసెంబర్ 9న రికార్డయింది. మొదటి భాగం చివర నాలుగక్షరాల నామాన్ని గొంతుతో మళ్ళీ మళ్ళీ అంటారు. అంతకు ముందు అదే ముక్కని కోల్ట్రేన్ సాక్సోఫోన్ మీద పన్నెండు శ్రుతుల్లోకీ తిప్పి తీసుకొస్తాడు. నాలుగో భాగం ఇంకా విచిత్రం. కోల్ట్రేన్ ఒక ప్రార్థనా గీతం రాసి ఆల్బం అట్ట లోపల అచ్చేయించాడు. నాలుగో భాగంలో సాక్సోఫోన్ ఆ గీతాన్నే మాట వెంట మాటగా చదువుతుంది. తాళం లేదు, విరుపులే ఉన్నాయి. పద్యం చదివే పద్ధతి తెలిసిన మనకంటే దీన్ని పట్టుకోవడానికి సిద్ధంగా ఉన్న శ్రోతలు ఎవరుంటారు? మామకి ఆ అట్ట మీది గీతాన్ని తెలుగులో వరస చెప్పి వినిపించాను. అయిపోయాక చాలాసేపు మాట్లాడలేదు. “ఊపిరి తీసే కాడ కూడా తప్పలేదురా” అన్నాడు.

ఇక్కడ ఒక అభ్యంతరం రావాలి, వస్తుంది కూడా. జాజ్‌ని పద్యనాటకంతో, బుర్రకథతో పోలిస్తే దాని చరిత్రని చెరిపేసినట్టు కాదా? అది నల్లవాళ్ళ సంగీతం కదా? అవును. పోలిక గుమ్మం దాటించడానికి మాత్రమే, లోపలికి పోయాక వదిలెయ్యాల. కార్డుల నడక మన దగ్గర లేదు, ఆ ‘స్వింగ్’ లేదు, బానిసత్వం నుంచి వచ్చిన ఆ బ్లూస్ లేదు. ‘కైండ్ ఆఫ్ బ్లూ’ విడుదలైంది 1959 ఆగస్టు 17న. ఆగస్టు 25 రాత్రి మైల్స్ డేవిస్ తను వాయిస్తున్న బర్డ్‌లాండ్ క్లబ్బు బయట నిలబడి ఉంటే పోలీసులు తల పగలగొట్టారు. బోర్డు మీద అతని పేరే ఉంది. ఈ సంగతి చెప్పకుండా ఆ ఆల్బంని ‘ప్రశాంతంగా ఉంటుంది, పని చేసుకుంటూ వినొచ్చు’ అని పంచేవాళ్ళది ఏ రకం పంపకం? అదే ఏడాది చార్లెస్ మింగస్ ‘ఫేబుల్స్ ఆఫ్ ఫాబస్’ చేశాడు, నల్లపిల్లల్ని బడికి రాకుండా సైనికుల్ని నిలబెట్టిన ఆర్కన్సా గవర్నర్‌ని వెక్కిరిస్తూ. కొలంబియా కంపెనీ మాటలు పెట్టనివ్వలేదు. మాటలతో సహా ఇంకో కంపెనీకి రికార్డు చేశాడు.

చరిత్ర గుర్తుచేసే మిత్రుల్ని నేను తిరిగి ఒకటి అడుగుతాను. మింగస్ కోపం విని కళ్ళు తుడుచుకునే మనం, మన ఊరి తప్పెటని ఎప్పుడైనా కూర్చుని విన్నామా? చావుకీ జాతరకీ కొట్టించుకుని, కొట్టినవాణ్ణి అరుగు కింద నిలబెట్టిన ఊరు మాది. నేను ఆ అరుగు మీద పెరిగాను. ఆ తాళంలో ఎన్ని నడకలున్నాయో నాకు ఇప్పటికీ తెలీదు, ఎల్విన్ జోన్స్ డ్రమ్ముల్లో మూడు మీద రెండు ఎలా పడుతుందో మాత్రం గీత గీసి చూపించగలను. ఇంగ్లీషులో విని ఇంగ్లీషులోనే దాచుకుంటే ఈ ఇబ్బంది రాదు, అదే దాని సౌకర్యం. తెలుగులో మాట్లాడటం మొదలుపెట్టగానే ‘నల్లవాళ్ళ సంగీతం’ అన్న మాట పక్కన మన వాడలు, మన అరుగులు వచ్చి నిలబడతాయి. చాలామంది మౌనానికి కారణం భాషలో మాటలు చాలకపోవడం అనుకోను.

‘తెలుగులో పరిభాష లేదు’ అనే సాకు కూడా ఎక్కువసేపు నిలవదు. పాత రేడియో నాటకాలు, లలిత సంగీతం దొరికినప్పుడు మన వెబ్ పత్రికల్లో వాటిని ఎంత శ్రద్ధగా పెడతారో చూడండి. ఎవరు పాడారు, ఎవరు రాశారు, ఏ కేంద్రం, ఏ ఏడు, గొంతు ఎవరిదో తేలకపోతే ఆ సందేహం కూడా రాస్తారు. పంచడం తెలిసిన జాతే మనది. పాలకొల్లు మాండలిన్ శ్రీనివాస్ జాన్ మెక్‌లాఫ్లిన్‌తో ‘రిమెంబర్ శక్తి’లో వాయించిన వీడియోలు తెగ తిప్పుతారు, ‘మనవాడు’ అని. మనవాడే. కానీ ఆ పక్కన గిటార్ వాయించేవాడు అంతకు ముందు మైల్స్ డేవిస్‌తో ఏం చేశాడో, 1970ల్లో మొదటి ‘శక్తి’ ఎందుకు కట్టాడో ఒక్క ముక్క రాయరు. గర్వం దగ్గర వినడం ఆగిపోతుంది.

ఇంతవరకూ అందరినీ తిట్టాను. ఇప్పుడు నా వంతు.

మామ వస్తాడు, నేను వినిపిస్తాను, ఆయన ఏదో అంటాడు, నేను మురిసిపోయి మనసులో రాసుకుంటాను. ఆరు నెలలు ఇలా సాగింది. ఆయన ఒకటి రెండుసార్లు, “మా ఇంట్లో గూడా క్యాసెట్లు ఉండాయబ్బీ, మేం ఆడిన్యి” అన్నాడు. “తప్పకుండా మామా” అన్నాను. మర్నాడు నేను ఇంకో కోల్ట్రేన్ పెట్టాను. నాకు వినిపించడం మీద ఉన్న మోజు వినడం మీద లేదు. బెంగళూరు పెద్దాయనకీ నాకూ తేడా ఎంత? ఆయన చెప్పకుండా వినిపించేవాడు, నేను చెప్పి వినిపించాను. అవతలివాడి పెట్టెలో ఏముందో ఇద్దరం అడగలేదు.

2022లో మామ పోయాడు. నేను బెంగళూరులో ఉన్నాను, దినాలకి వెళ్ళాను. అత్త ఒక బిస్కెట్ల డబ్బా తెచ్చి చేతిలో పెట్టింది. తొమ్మిది క్యాసెట్లు. నాలుగింటికి బూజు పట్టింది. రెండింటి మీద ఎవరో పిల్లలు సినిమా పాటలు ఎక్కించేశారు. మిగిలిన మూడింటిలో ఒకదాని మీద నీలం ఇంకుతో మామ చేతిరాత: ‘కురుక్షేత్రం – రాయబారం’. ఊరి పేరు లేదు, తేదీ లేదు, కృష్ణుడెవరో లేదు. ట్రాక్ 01, ట్రాక్ 02.

దాన్ని కంప్యూటర్లోకి ఎక్కించాను. కృష్ణుడి గొంతు మొదట్నుంచీ కొంచెం సన్నగా ఉంది, పోనుపోను ఇంకా సన్నబడుతోంది. చివరి పద్యాలకి చిన్నపిల్లాడు పాడినట్టుంది. కాసేపటికి అర్థమైంది. ఆ రాత్రి టేప్ రికార్డరు బ్యాటరీల మీద నడిచింది. బ్యాటరీ దిగేకొద్దీ టేపు నిదానించింది, ఇప్పుడు మామూలు వేగంలో తిప్పితే శ్రుతి ఎక్కుతోంది. 30వ వీధి స్టూడియోలో జరిగిందే, ఇంకొంచెం ఎక్కువగా. పక్కన సరిగ్గా తిరిగిన రెండో మిషను మాత్రం ఇక్కడ లేదు.

పెట్టె ఉంది. అత్త దాన్ని అమ్మలేదు. హార్మోనియం రీడ్లు బ్యాటరీని బట్టి మారవు. మామ ఎప్పుడూ పట్టే ఆధార శ్రుతి మెట్టు మీద తెల్లరంగు అరిగిపోయి ఉంది, వెతుక్కోనక్కర్లేకపోయింది. ఆ మెట్టు నొక్కి ఫోన్లో రికార్డు చేసుకుని, క్యాసెట్లో పెట్టె మోతని దాంతో సరిపోల్చుకుంటూ వచ్చాను. మొదట్లో దాదాపు 3 శాతం వేగం తగ్గించాల్సి వచ్చింది, చివర్లో 6 శాతం, అంటే ఒక మెట్టు తేడా. నాలుగు రాత్రులు పట్టింది. సరిచేశాక కృష్ణుడు పెద్దమనిషి అయ్యాడు. రాగం తీస్తుంటే జనం అరుపులు, ఎవరిదో దగ్గు, దూరంగా కుక్క. కింద మామ పెట్టె. కదలడం లేదు. రెండు మెట్ల మీదే కూర్చున్నాడు.

ఆ ఫైలుని మొన్న శనివారపు గుంపుకి పంపాను. కింద పన్నెండు వాక్యాలు రాశాను, తెలుగులో. కర్నూలు మిత్రుడొకడు ఆరు నిమిషాల వాయిస్ మెసేజ్ పంపాడు, వాళ్ళ తాత దుర్యోధనుడు వేసేవాడట, ఆ రెండో పద్యం రాగం వాళ్ళ వైపు అలా తీయరట, నాతో తగువు పెట్టుకున్నాడు. మిగతావాళ్ళు బొటనవేళ్ళు.

రెండో వైపు ఇంకా ఎక్కించలేదు. టేపు చుట్ట బిగుసుకుపోయి తిరగడం లేదు. లోపలి టేపుని ఇంకో డొక్కులోకి మార్చితే నడుస్తుందంటున్నారు. దానికి అతికించిన రకం పనికిరాదు, ఐదు స్క్రూలతో విప్పి బిగించేది కావాలి. మీలో ఎవరి దగ్గరైనా అలాంటి పాత క్యాసెట్ ఖాళీది ఉంటే చెప్పండి. కదిరి వైపు వాళ్ళయితే నేనే వచ్చి తీసుకుంటాను.